ఒకే వాన, మూడు లెక్కలు: వాతావరణ ఆర్కైవ్ నుంచి డేటా తీసుకునేటప్పుడు ఏం చూడాలి, ఆధారంగా ఏం రాయాలి

క్లుప్తంగా: ఒక ఊరి వాన గురించి మూడు చోట్ల మూడు అంకెలు కనిపిస్తే ఎవరో అబద్ధం చెప్పారని కాదు. కొలిచిన చోటు, రోజును లెక్కపెట్టిన గడియారం, పోల్చిన ‘సాధారణం’, వాడిన డేటా వెర్షన్, వీటిలో ఏదో ఒకటి మారి ఉంటుంది. ఆర్కైవ్ నుంచి డేటా తీసుకున్నప్పుడు ఈ వివరాలు రాసి పెట్టుకుని, వాడిన చోట చెప్పడమే సైటేషన్. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విషయంలో 2016 నాటి జిల్లాల విభజన ఈ చిక్కుకు ఇంకో ముడి వేసింది.

వానాకాలంలో ఇది ఏటా జరిగేదే. రాత్రి దేవరకొండ వైపు ఉరుములతో గట్టి వాన పడుతుంది. తెల్లారి పేపర్లో ఒక అంకె ఉంటుంది, మండలం వాట్సాప్ గ్రూపులో ఇంకో అంకె తిరుగుతుంది, ఫోన్లో వెదర్ యాప్ తెరిస్తే ఆ రెండింటికీ పొంతన లేని మూడోది కనిపిస్తుంది. ‘ఇందులో ఏది నిజం?’ అని అందరూ అడుగుతారు. మూడూ నిజమే అయి ఉండొచ్చు. ‘ఏది దేని కొలత?’ అని అడిగితే దారి దొరుకుతుంది.

ఇది టీ కొట్టు దగ్గర వాదనతో తేలిపోయే విషయం కాదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినప్పుడు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని 64 మండలాలూ జాబితాలోకి వచ్చాయి. నల్లగొండ జిల్లాలో మాత్రం 59 మండలాలకు 22 వచ్చాయి. పాలమూరులో గీత గీయాల్సిన అవసరమే పడలేదు. నల్లగొండలో ఒక మండలం గీతకు లోపల, దాని పక్కది బయట. అలాంటి గీత గీసేటప్పుడు చూసేవాటిలో వర్షపాత లోటు, వానకూ వానకూ మధ్య ఎండిన రోజులు ముఖ్యమైనవి. ఆ లెక్క ఏ రెయిన్ గేజ్‌దో, దేనితో పోల్చి తీసిందో తెలియకపోతే జాబితాను ప్రశ్నించేవాళ్ల చేతిలోనూ ఏమీ ఉండదు, సమర్థించేవాళ్ల చేతిలోనూ ఏమీ ఉండదు.

అంకె ఎక్కడ పుడుతుంది

అన్నింటికంటే పాతది, సూటిగా అర్థమయ్యేది చేత్తో కొలిచే రెయిన్ గేజ్. ఒక గరాటు, కింద సీసా, కొలిచే గాజు గొట్టం. రోజూ ఒకే సమయానికి మనిషి వెళ్లి కొలిచి రిజిస్టర్లో రాస్తాడు. భారత వాతావరణ శాఖ (ఐఎండీ) 1875లో ఏర్పడింది. దాని పద్ధతి ఇప్పటికీ ఇదే పునాది మీద నడుస్తోంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఆ శాఖ లెక్కలోకి తీసుకునే పరిశీలన కేంద్రాలున్నాయి.

రెండోది ఆటోమేటిక్ వెదర్ స్టేషన్. రాష్ట్ర ప్రణాళికా విభాగం కింద పనిచేసే డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ తెలంగాణలో ఇలాంటివి వెయ్యికి పైగా పెట్టింది. మండల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే అంకెలు ఎక్కువగా వీటివే. ఇందులో రెండు చిన్న గిన్నెలు త్రాసు పళ్లాల్లా ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగిపోతుంది, రెండోది దాని చోటికి వస్తుంది. ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెట్టి వాన ఎంతో చెబుతుంది. కుండపోత వానలో గిన్నె ఒరిగే ఆ క్షణంలో పడే నీళ్లు లెక్కలోకి రాకుండా పోతాయి. అందుకే ఈ రకం పరికరం గట్టి వానను కొంచెం తక్కువ చూపించే అవకాశం ఉంది. గరాటులో ఆకు అడ్డం పడితే ఇక చెప్పనక్కర్లేదు.

మూడోది ఉపగ్రహం. నాసా వాళ్ల ఐమెర్గ్ డేటా అరగంటకోసారి, 0.1 డిగ్రీల గడుల్లో (అక్షాంశ రేఖాంశాలతో మ్యాప్ మీద గీసిన గళ్లు, ఒక్కో గడికి ఒక్కో అంకె) వస్తుంది. ఒకే వానకు ఇందులో మూడు రకాల లెక్కలుంటాయి. కొన్ని గంటల్లో వచ్చే తొలి లెక్క, కాస్త ఆగి వచ్చే మలి లెక్క, నేల మీది రెయిన్ గేజ్‌లతో సరిచూసి కొన్ని నెలల తర్వాత ఇచ్చే తుది లెక్క. తొలి లెక్క చూసి వ్యాసం రాసినవాళ్లకూ తుది లెక్క చూసి రాసినవాళ్లకూ పొంతన కుదరదు. ఇద్దరూ కింద ‘ఆధారం: నాసా’ అనే రాస్తారు.

నాలుగోది రీఎనాలిసిస్. యూరప్ దేశాలు కలిసి నడిపే మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం తయారుచేసిన ఈఆర్ఏ-5 ఇందులో బాగా వాడుకలో ఉంది. 1940 నుంచి గంట గంటకూ, ప్రపంచమంతటికీ, పావు డిగ్రీ గడుల్లో దొరుకుతుంది. బెలూన్లు, ఓడలు, విమానాలు, ఉపగ్రహాలు ఇచ్చిన పరిశీలనలను కంప్యూటర్ మోడల్‌లో కలిపి, ఆ గంటకు ఆకాశం ఎలా ఉండి ఉంటుందో మళ్లీ కట్టి చూపిస్తుంది. ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. ఈఆర్ఏ-5లో మన ప్రాంతపు వాన మన రెయిన్ గేజ్‌ల నుంచి వచ్చింది కాదు, మోడల్ లెక్కగట్టింది. ఉష్ణోగ్రత, గాలి, పీడనం విషయంలో దీని మీద ఆధారపడినంత ధీమాగా, ఒక మండలంలో ఒక సాయంత్రం పడిన వాన విషయంలో ఆధారపడలేం. ఉరుముల వానను ఇది గడి మొత్తానికీ పరిచేస్తుంది కాబట్టి చుట్టుపక్కల ఎక్కువ, పడిన చోట తక్కువ చూపిస్తుంది.

ఫోన్ యాప్ చూపించే ‘నకిరేకల్ 41 డిగ్రీలు’ కూడా సాధారణంగా మోడల్ అంచనాయే. నకిరేకల్లో ఎక్కడో థర్మామీటర్ పెట్టి చదివింది కాదు. స్క్రీన్‌షాట్‌ను ఆధారంగా చూపడం కుదరనిది ఇందుకే. రేపు అదే యాప్‌లో నిన్నటి అంకె వెతికితే కనిపించకపోవచ్చు, కనిపించినా మారి ఉండొచ్చు.

రోజు ఉదయం ఎనిమిదిన్నరకు మొదలవుతుంది

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. వాతావరణ శాఖ లెక్కలో వానకు సంబంధించిన రోజు ఉదయం 8:30తో ముగుస్తుంది. 14వ తేదీ వర్షపాతం అంటే 13వ తేదీ ఉదయం 8:30 నుంచి 14వ తేదీ ఉదయం 8:30 దాకా పడిన వాన. మన దగ్గర ఉరుముల వానలు ఎక్కువగా సాయంత్రం, రాత్రి పడతాయి. కాబట్టి జనం ‘నిన్న రాత్రి వాన’ అనుకునేది రికార్డులో ఇవాళ్టి తేదీ మీద ఉంటుంది.

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌నూ, యాదాద్రి భువనగిరి వైపునూ ముంచెత్తిన వాన దీనికి మంచి ఉదాహరణ. జనం గుర్తు పెట్టుకున్న తేదీ 13. వాతావరణ శాఖ రికార్డులో అది 14. ఈఆర్ఏ-5 తెరిస్తే మళ్లీ 13 మీదే ఎక్కువ వాన కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఆర్కైవ్ గ్రీనిచ్ కాలమానంలో నడుస్తుంది. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి ఇక్కడ తెల్లవారుజామున 5:30. మన 8:30 వాళ్లకు 3 గంటలు. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి తేదీ చూసి జతచేసేస్తే పెద్ద వానలన్నీ ఒక రోజు అటూ ఇటూ అయి, రెండు డేటాలకూ అసలు సంబంధమే లేదన్నట్టు తేలుతుంది. ఆ తప్పుతోనే ‘మోడల్ పనికిరాదు’ అని తేల్చేసిన ప్రాజెక్టు రిపోర్టులు కాలేజీ లైబ్రరీల్లో దొరక్కపోవు.

సరిచేయడం కష్టమేమీ కాదు. వాతావరణ శాఖ 14వ తేదీకి సరిపోయేలా కావాలంటే, ఈఆర్ఏ-5లో గ్రీనిచ్ లెక్కన 13వ తేదీ 4 గంటల ముద్ర (టైమ్‌స్టాంప్) నుంచి 14వ తేదీ 3 గంటల ముద్ర దాకా ఉన్న 24 విలువలు కూడాలి. ప్రతి విలువా ఆ గంటకు ముందు గంటలో పడిన వానను చెబుతుంది కాబట్టి లెక్క అలా వస్తుంది. నేల వరకే పరిమితమైన ఈఆర్ఏ-5 ల్యాండ్ అనే డేటా ఇంకో రకం. అది 1950 నుంచి దాదాపు 9 కిలోమీటర్ల గడుల్లో ఉంటుంది. అందులో వాన రోజు మొదటి నుంచి పోగవుతూ వస్తుంది, అంటే ప్రతి గంట విలువలోనూ అంతకుముందు గంటల వాన కలిసే ఉంటుంది. ఆ 24 విలువలూ కూడితే గద్వాలలో చిరపుంజి తయారవుతుంది.

పేపర్లలో వచ్చే అంకెకు ఇంకో మెలిక ఉంది. ప్రింటుకు వెళ్లే వేళకు అందిన లెక్క వేస్తారు, ఉదయం 8:30 నుంచి రాత్రి 9 దాకా అన్నట్టు. అది అప్పటికి సరైనదే, పూర్తి రోజుది మాత్రం కాదు. మర్నాటి రికార్డులో అంకె పెరిగిందంటే దిద్దారని అనుకోనక్కర్లేదు.

గడిలో చేరిన ఊరు

వాతావరణ శాఖ పుణె కార్యాలయం 1901 నుంచి దేశమంతటి రోజువారీ వర్షపాతాన్ని పావు డిగ్రీ గడుల్లో ఉచితంగా ఇస్తోంది. దేశంలోని 6,955 రెయిన్ గేజ్ కేంద్రాల రికార్డులను కలిపి దీన్ని తయారుచేశారు. ఒక గడి విలువ చుట్టుపక్కల కేంద్రాల కొలతల నుంచి వస్తుంది. దగ్గరి కేంద్రానికి ఎక్కువ తూకం, దూరపు కేంద్రానికి తక్కువ.

మన అక్షాంశాల దగ్గర పావు డిగ్రీ గడి అంటే ఉత్తర దక్షిణాలుగా సుమారు 28, తూర్పు పడమరలుగా సుమారు 27 కిలోమీటర్లు. 700 చదరపు కిలోమీటర్లకు పైనే. ఒక్కో గడిలో రెండు మూడు మండలాలు పడతాయి. నల్లగొండ పట్టణం 17.0 ఉత్తరం, 79.25 తూర్పు బిందువుకు, మహబూబ్‌నగర్ 16.75 ఉత్తరం, 78.0 తూర్పు బిందువుకు బాగా దగ్గరగా ఉన్నాయి. అది ఆ రెండు పట్టణాల అదృష్టం. రెండు గడుల మధ్య చీలిపోయే ఊళ్లే ఎక్కువ.

సగటు తీసినప్పుడు ఏం పోతుందో అదే 2020 అక్టోబర్ వాన చెబుతుంది. బేగంపేట కేంద్రంలో సుమారు 19 సెంటీమీటర్లు నమోదైతే, ఘట్‌కేసర్ దగ్గర ఆటోమేటిక్ స్టేషన్లో 30 సెంటీమీటర్లు దాటింది. రెండింటి మధ్య దూరం పాతిక కిలోమీటర్లకు లోపే. అంటే ఒక గడి వెడల్పు కూడా లేదు. ఆ గడికి ఒకే అంకె ఇవ్వాలంటే ఏదో ఒకటి తగ్గాలి, ఇంకోటి పెరగాలి. రోజుకు 204.4 మిల్లీమీటర్లు దాటితే ‘అత్యంత భారీ వర్షం’ అంటారు. స్టేషన్ రికార్డులో ఆ గీత దాటిన వాన గడి రికార్డులో దాటకపోవచ్చు. నెలల, సీజన్ల ధోరణులకు ఇలా గడుల్లో ఇచ్చే గ్రిడ్ డేటా చక్కగా పనికొస్తుంది. కల్వర్టు కట్టడానికి గరిష్ఠ వాన ఎంతో తేల్చడానికి దాన్నొక్కదాన్నే పట్టుకోవడం ప్రమాదం.

ఉష్ణోగ్రతల గ్రిడ్ ఇంకా ముతక. పుణె ఇచ్చే 1951 నుంచి ఉన్న డేటాలో గడి ఒక డిగ్రీ, అంటే 110 కిలోమీటర్ల దాకా. అందులో గడుల అంచులు పూర్తి డిగ్రీల మీద పడతాయి. మహబూబ్‌నగర్ ఉన్నది దాదాపు 78 డిగ్రీల రేఖాంశం మీదే, సరిగ్గా అంచున. పట్టణానికి పడమటి వైపు ఊరికి ఒక గడి, తూర్పు వైపు ఊరికి ఇంకో గడి. రెండు ఊళ్ల ఎండల్లో కనిపించే తేడాలో ఎంత నిజమో, ఎంత గడి గీత వల్ల వచ్చిందో విడదీసి చూడాలి.

సాధారణం అనేది కూడా కదులుతుంది

వర్షపాతం 19 శాతం అటూ ఇటూ దాకా ‘సాధారణం’. లోటు 20 నుంచి 59 శాతం ఉంటే ‘లోటు’. అరవై, ఆపైన ఉంటే ‘తీవ్ర లోటు’. ఈ శాతాలు ఏ సగటుతో పోల్చి తీసినవో చెప్పకపోతే వాటికి అర్థం లేదు. వాతావరణ శాఖ ఆ సగటును కొన్నేళ్లకోసారి మారుస్తుంది. నైరుతి రుతుపవనాల దేశ సగటు 1951–2000 ఆధారంగా 89 సెంటీమీటర్లు, 1961–2010 ఆధారంగా 88, 2022 నుంచి వాడుతున్న 1971–2020 ఆధారంగా 87.

దేశం మొత్తం మీద ఒక సెంటీమీటరే కదా అనిపిస్తుంది. గీత అంచున ఉన్న మండలానికి అలా కాదు. ఊహకు ఒక మండలం తీసుకుందాం. సీజన్లో 480 మిల్లీమీటర్లు పడింది. సాధారణం 600 అనుకుంటే లోటు సరిగ్గా 20 శాతం, మండలం ‘లోటు’ కోవలోకి వెళ్తుంది. సాధారణాన్ని 590కి సవరిస్తే లోటు 18.6 శాతం, అదే వానకు అదే మండలం ‘సాధారణం’ అయిపోతుంది. పొలంలో చేను మాత్రం ఎలా ఎండిందో అలాగే ఉంటుంది.

వడగాలికీ ఇదే తర్కం. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి ఉంటే వడగాలి అంటారు. 45 డిగ్రీలు చేరితే సాధారణంతో పని లేకుండానే వడగాలి. నల్లగొండ లాంటి చోట మే నెల సాధారణమే 40 దాటి ఉంటుంది కాబట్టి, ఏ సాధారణం పట్టుకున్నారన్న దాన్ని బట్టి వడగాలి రోజుల లెక్క తగ్గుతుంది, పెరుగుతుంది. వడగాలులు ఎన్ని రెట్లు పెరిగాయో చెప్పే వార్త చదివినప్పుడు ముందు వెతకాల్సింది ఈ వివరమే.

జిల్లా విడిపోయింది, వరుస తెగింది

2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వచ్చాయి. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపువి వికారాబాద్‌లోకి వెళ్లాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయింది.

డేటా పట్టికలో మాత్రం కాలమ్ పేరు ‘మహబూబ్‌నగర్’ అనే ఉంటుంది. 2015 దాకా అది 64 మండలాల సగటు. ఇప్పుడు అందులో సుమారు నాలుగో వంతు మండలాలది. నల్లమల అడవి అంచు అమ్రాబాద్, కృష్ణా తుంగభద్రల నడుమ ఎండిన నడిగడ్డ, రెండూ ఇప్పుడు ఆ సగటులో లేవు. ఉమ్మడి జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం 600 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, ఉమ్మడి నల్లగొండది సుమారు 750, రాష్ట్ర సగటు 900 దగ్గర. కొత్త మహబూబ్‌నగర్ అంకెను పాత సాధారణంతో పోలిస్తే వచ్చే తేడాలో కొంత వాతావరణానిది, కొంత సరిహద్దులది. రెండూ విడదీయకుండా గ్రాఫ్ గీస్తే 2016 దగ్గర ఒక మెట్టు కనిపిస్తుంది. దాన్ని ‘వాతావరణ మార్పు’ అని చదివేవాళ్లూ ఉంటారు.

దీనికి రెండు దారులున్నాయి. కొత్త జిల్లాల మండలాలను మళ్లీ పాత హద్దుల ప్రకారం కూడి వరుస నిలబెట్టడం ఒకటి. జిల్లాల గొడవే లేకుండా గ్రిడ్ గడులతో పని చేయడం రెండోది. మండలాలు కూడా 1985లో వచ్చినవే, అంతకుముందు తాలూకాలు. ఎనభైల కంటే వెనక్కి వెళ్లేవాళ్లకు మొదటి దారి అంత సులువు కాదు.

తలుపులు, తాళాలు

పుణె గ్రిడ్ డేటాను సంవత్సరానికో ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నెట్‌సీడీఎఫ్ (వాతావరణ డేటాకు ఎక్కువగా వాడే ఫైలు రకం) రూపంలోనూ ఉంది, బైనరీ రూపంలోనూ ఉంది. పైథాన్ తెలిసినవాళ్లకు ఐఎండీలిబ్ అనే ఉచిత ప్యాకేజీ పని తగ్గిస్తుంది. స్టేషన్ వారీ పాత రికార్డులు కావాలంటే అదే శాఖ డేటా సరఫరా పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. వాటికి షరతులుంటాయి, ఇంకొకరికి పంచకూడదన్నది అందులో ముఖ్యమైనది. మండల స్థాయి ఆటోమేటిక్ స్టేషన్ల డేటాకు రాష్ట్ర ఓపెన్ డేటా పోర్టల్ చూడాలి.

ఈఆర్ఏ-5 కోసం యూరప్ వాళ్ల కోపర్నికస్ క్లైమేట్ డేటా స్టోర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, లైసెన్సుకు ఒప్పుకుని, కావలసిన కాలం, ప్రాంతం అడగాలి. ప్రాంతాన్ని ఉత్తరం, పడమర, దక్షిణం, తూర్పు అనే వరుసలో ఇవ్వాలి. ఉమ్మడి రెండు జిల్లాలకూ 17.75, 77, 15.75, 80.25 అనే చట్రం సరిపోతుంది. ఆలేరు నుంచి అలంపూర్ దాకా, కృష్ణా మండలం నుంచి కోదాడ దాకా అందులో పడతాయి. పావు డిగ్రీ లెక్కన 126 బిందువులు, ల్యాప్‌టాప్‌కు బరువేమీ కాదు. ప్రపంచమంతా డౌన్‌లోడ్ చేసి తర్వాత కత్తిరించుకుందామనుకుంటే హాస్టల్ వైఫై ఒప్పుకోదు.

విద్యార్థులు ఎక్కువగా వాడే నాసా పవర్ అనే డేటా వెబ్‌సైట్ చాలా తేలిక. ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు వస్తుంది. ఆ తేలికలోనే ఒక మోసం ఉంది. దాని ఉష్ణోగ్రతలు అర డిగ్రీకి పైబడిన గడుల నుంచి వస్తాయి. పక్కపక్క ఊళ్లకు ఒకే అంకెలు వస్తే ఆ రెండు ఊళ్ల వాతావరణం ఒకటేనని కాదు, రెండూ ఒకే గడిలో ఉన్నాయని.

ఫైలు చేతికొచ్చాక కూడా జాగ్రత్త కావాలి. పుణె వర్షపాత ఫైళ్లలో లేని విలువకు గుర్తు −999. జూన్లో 29 రోజుల వాన 90 మిల్లీమీటర్లు, ఒక రోజు విలువ లేదనుకుందాం. గుర్తును తీసేయకుండా కూడితే నెల వాన మైనస్ 909 మిల్లీమీటర్లు. ఇది వెంటనే పట్టుబడుతుంది కాబట్టి మేలే. ముప్పై ఏళ్ల సగటులో ఇలాంటివి ఒకటి రెండు కలిస్తే అంకె కొంచెం తగ్గి, చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. అది పట్టుబడదు. ఈఆర్ఏ-5లో వాన మీటర్లలో, ఉష్ణోగ్రత కెల్విన్లలో ఉంటాయి. 0.012 అంటే 12 మిల్లీమీటర్లు, 313.15 అంటే 40 డిగ్రీలు.

‘ఆధారం: ఐఎండీ’ ఎందుకు చాలదు

‘ఆధారం: ఐఎండీ’ అని రాయడం ‘మా ఊరి పెద్దాయన చెప్పాడు’ అన్నట్టుంటుంది. ఊళ్లో పెద్దాయనలు చాలామంది. స్టేషన్ రికార్డా, గ్రిడ్డా, రోజువారీ బులెటినా? ఏ కాలానిది, ఏ గడిది, ఎప్పుడు తీసుకున్నది? ఇవి లేకపోతే చదివేవాళ్లు అదే అంకెను మళ్లీ రప్పించలేరు.

పరిశోధన పత్రాలను పేరు పెట్టి చూపడం పాత అలవాటే, డేటాను అలా చూపడం ఈమధ్యది. డేటాకు శాశ్వత గుర్తింపు సంఖ్యలు ఇచ్చే డేటాసైట్ సంస్థ 2009లో మొదలైంది. డేటా సైటేషన్ సూత్రాల ఉమ్మడి ప్రకటన 2014లో వచ్చింది. డీఓఐ అనే ఆ సంఖ్య మనిషికి ఆధార్ లాంటిది, ఇల్లు మారినా నంబర్ మారదు. వెబ్‌సైట్ లింకు అద్దె ఇంటి చిరునామా లాంటిది. పోర్టల్ కొత్త రూపంలోకి మారగానే పాత లింకులు ఎందుకూ పనికిరాకుండా పోవడం అందరికీ అనుభవమే.

అయితే డీఓఐ ఒక్కటీ చాలదు. ఈఆర్ఏ-5కు రోజూ కొత్త డేటా చేరుతుంది. సుమారు అయిదు రోజుల ఆలస్యంతో వచ్చేది తాత్కాలిక రూపం, రెండు మూడు నెలలకు అది ఖరారవుతుంది. డీఓఐ మాత్రం మారదు. 2000–2006 మధ్య ఎగువ వాతావరణ ఉష్ణోగ్రతల్లో పొరపాటు బయటపడి, ఆ కాలానికి ఈఆర్ఏ-5.1 అనే సవరణ విడుదల చేశారు. నల్లగొండ నేల మీది ఎండకు దానితో పెద్ద తేడా రాదు, ఎగువ గాలుల మీద పనిచేసేవాళ్లకు వస్తుంది. అందుకే వెర్షన్, డౌన్‌లోడ్ చేసిన తేదీ రెండూ రాయాలి. డేటాను వివరించిన పరిశోధన పత్రాన్ని మాత్రమే పేర్కొని, డేటాను పేర్కొనకపోవడం కూడా అసంపూర్తి పనే. పత్రం పద్ధతి చెబుతుంది, ఏ ఫైలు వాడారో చెప్పదు. కోపర్నికస్ షరతుల్లో ఇంకోటి ఉంది. డేటాను మార్చి వాడితే, మార్చిన కోపర్నికస్ సమాచారం ఇందులో ఉందని చెప్పాలి.

నల్లగొండ మీద పనిచేసే విద్యార్థి రాయాల్సింది ఇంత ఉంటే సరిపోతుంది: భారత వాతావరణ శాఖ, పుణె, రోజువారీ గ్రిడ్ వర్షపాతం, 0.25 డిగ్రీలు, 1991–2020, 17.0 ఉత్తరం 79.25 తూర్పు గడి, నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు, ఫలానా తేదీన డౌన్‌లోడ్ చేసినవి, రోజు ఉదయం 8:30తో ముగిసేది, జూన్–సెప్టెంబర్ మొత్తాలు రచయిత లెక్కగట్టినవి. రెండు లైన్లు. పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో పదేళ్ల తర్వాత ఇంకొకరు ఆ థీసిస్ తెరిస్తే, గైడును వెతుక్కుంటూ పోకుండానే అంకెలు మళ్లీ రప్పించుకోగలరు. గూగుల్‌ను ఆధారంగా రాసే అలవాటు మాత్రం మానుకోవాలి. గూగుల్ వాన కొలవదు.

పాత రిజిస్టర్ల క్యాలెండర్

డిజిటల్ ఆర్కైవ్‌లు చేరని చోట ఇంకా కాగితమే ఉంది. రైతుల లెక్కలో కాలం కార్తెల్లో నడుస్తుంది. మిరుగం (మృగశిర కార్తె) జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. వాతావరణ శాస్త్రంలో ఏడాదిని 52 వారాలుగా లెక్కిస్తారు. మిరుగం వచ్చేది 23వ వారంలో, అంటే జూన్ 4 నుంచి 10 లోపు. ‘మిరుగం వానలు వెనక్కి పోతున్నాయి’ అనే మాటను డేటాతో సరిచూడాలంటే మొదలుపెట్టాల్సిన చోటు అదే.

రెవెన్యూ రికార్డులు ఫసలీ సంవత్సరంలో ఉంటాయి. ఇప్పటి ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. నిజాం కాలం నాటి ఫసలీ అక్టోబర్ మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. పాత కాగితం చేతికొస్తే ముందు ఏ ఫసలీయో తేల్చుకోవాలి. ఇప్పటి ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, 1433 అంటే 2023–24. వానాకాలం లెక్క జూన్ 1న మొదలవుతుంది కాబట్టి జూన్ నెల దగ్గర రెండు క్యాలెండర్లూ తగువు పడతాయి. 2023 వానాకాలం మొదటి నెల కోసం 1433 ఫసలీ పేజీలు తిప్పితే దొరికే జూన్ 2024ది. 2023 జూన్ వాన అంతకుముందు కట్టలో, 1432 చివరి పేజీల్లో ఉంటుంది.